ఎముక అతికింది, నడక ఎందుకు రాలేదు?

ప్రశ్న: నా వయస్సు 66. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా మోటారు సైకిలు నడుపుతున్నాను. ఇంతకుముందు చెప్పుకోదగ్గ ప్రమాదం ఏదీ జరగలేదు. మూడు నెలల క్రితం వాన వెలిసిన కాసేపటికి ఒక మలుపులో ఇసుక మీద ముందు చక్రం జారి కుడివైపుకు పడిపోయాను. హెల్మెట్ పెట్టుకున్నాను కాబట్టి తలకు పైకి కనిపించే దెబ్బ తగలలేదు. కుడి మోకాలి కింది ఎముక పైభాగం చిట్లితే ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. కుడి కాలర్‌బోను, మూడు పక్కటెముకలు కూడా విరిగాయి గాని అవి వాటంతట అవే అతుక్కుంటాయన్నారు. రెండు వారాల క్రితం ఎక్స్‌రే చూసి ఎముకలు బాగా అతికాయని, కాలి మీద పూర్తి బరువు మోపవచ్చని చెప్పారు. కానీ నేను మెట్లు దిగలేకపోతున్నాను, కుడి చెయ్యి భుజం దాటి లేవడం లేదు. ముప్ఫై ఏళ్ళ మా మేనల్లుడు ఇంచుమించు ఇలాగే పడి, మూడో నెలలో మళ్ళీ బండి ఎక్కాడు. మా ఇంట్లోవాళ్ళు నా బండి తాళం చెవులు దాచిపెట్టారు. బండి రోడ్డుకు రాసుకుపోయిన ఆ చప్పుడు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తోంది. నేను మళ్ళీ బండి నడపగలనా? గుండెకు స్టెంట్ ఉన్నందువల్ల రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు వాడుతున్నాను. వారం రోజులుగా పొద్దున లేవగానే తల బరువుగా ఉంటోంది. నడిచేటప్పుడు ఎడమ కాలి చెప్పు నాకు తెలియకుండానే జారిపోతోందని మా ఆవిడ అంటోంది. అదీ బలహీనతేనని సరిపెట్టుకున్నాను.

సమాధానం: మీరు అన్నింటికన్నా చివర, మాటవరసకు రాసిన రెండు వాక్యాలతోనే నేను మొదలుపెట్టవలసి ఉంది. మీ ఉత్తరం చదవగానే ఈ సంగతి మీకు విడిగా తెలియజేశాను. ఇతర పాఠకులకు కూడా అవసరం కాబట్టి ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను. మీకు దెబ్బ తగిలింది కుడి కాలికి, చెప్పు జారుతున్నది ఎడమ కాలికి. కుడి మోకాలి బలహీనత ఎంత ఉన్నా ఎడమ పాదం చెప్పును పట్టుకోలేకపోవడానికి అది కారణం కాదు. దానికి తోడు పొద్దుటి తలబరువు, గడ్డకట్టకుండా వాడే మాత్రలు, మూడు నెలల క్రితం పడిన సంగతి, ఇవన్నీ కలిపి చూసినప్పుడు ఏ వైద్యుడికైనా మొదట రావలసిన అనుమానం మెదడు మీద నెమ్మదిగా పేరుకుంటున్న రక్తం గురించే.

వయస్సు పెరిగేకొద్దీ మెదడు కొద్దిగా కుంచించుకుపోయి, దానికీ పుర్రెకూ మధ్య ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీని దాటుతూ వెళ్ళే సన్నని సిరలు సాగి బిగువుగా ఉంటాయి. తల నేలకు గట్టిగా తగలకపోయినా, పడేటప్పుడు వచ్చిన కుదుపుకే వాటిలో ఒకటి చిరిగి, బొట్టుబొట్టుగా కారిన రక్తం కొన్ని వారాల తర్వాత, ఒక్కోసారి రెండు మూడు నెలలకు, మెదడును నొక్కడం మొదలుపెడుతుంది. హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది, తాకిడిని చాలావరకు తగ్గిస్తుంది, కానీ లోపలి కుదుపును పూర్తిగా ఆపలేదు. తలబరువు, మరుపు, మగత, ఒకవైపు కాలో చెయ్యో పట్టు తప్పడం, మాట తడబడడం దీని లక్షణాలు. వాటిని వయస్సుకో నీరసానికో అంటగట్టి ఊరుకోవడమే ఇందులోని ప్రమాదం. సీటీ స్కాన్‌లో ఇది తేలిపోతుంది. రక్తం చేరిందని తేలితే పుర్రెకు చిన్న రంధ్రం చేసి దాన్ని తీసివేసే చికిత్స ఉంది, సకాలంలో చేస్తే చాలామంది చక్కగా కోలుకుంటారు. కాబట్టి మీరు ఈ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. మీ అంతట మీరు గుండె మాత్రలు మానేయకండి, స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే అపాయం ఉంటుంది. ఆపాలా, మార్చాలా అన్నది వైద్యులు రెండువైపులా తూచి నిర్ణయించవలసిన విషయం. స్కాన్‌లో ఏమీ లేదని తేలితే మంచిదే, అప్పుడు ఎడమ పాదం బలహీనతకు నడుములోనో నరాల్లోనో కారణం వెతుకుతారు. కింద రాసినదంతా ఆ స్కాన్ అయిన తర్వాత చదువుకోవలసినది.

ఇక మీ మేనల్లుడి సంగతి. అతనితో పోల్చుకుని మీరు కుంగిపోతున్నారని ఉత్తరంలో తెలుస్తోంది, కానీ ఆ పోలిక సరైనది కాదు. అమెరికాలో 2001 నుంచి 2008 వరకు మోటారు సైకిలు ప్రమాదాల్లో గాయపడినవారి లెక్కలు పరిశీలించినప్పుడు, ఇరవైలు ముప్ఫైలలో ఉన్నవారికన్నా అరవై దాటినవారిని ఆస్పత్రిలో చేర్చుకోవలసిన అవసరం సుమారు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. తాకిడి అదే అయినా, తట్టుకునే శరీరం వేరు. అరవై అయిదు దాటినవారికి విరిగిన పక్కటెముకలు ఒక్కొక్కటి పెరిగేకొద్దీ న్యుమోనియా వచ్చే అవకాశం, ప్రాణాపాయం రెండూ పెరుగుతాయని చాలాకాలంగా తెలుసు. నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తీయరు, దగ్గరు, ఊపిరితిత్తుల అడుగున కఫం నిలిచిపోతుంది. మీరు మూడు పక్కటెముకలు విరిగి కూడా న్యుమోనియా రాకుండా బయటపడ్డారు. మీ మేనల్లుడు దాటనవసరం లేని గండం ఒకటి మీరు దాటి వచ్చారన్నమాట.

అయితే అసలు తేడా ఎముకలో కన్నా కండరంలో ఎక్కువగా ఉంది. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో, ఏ జబ్బూ లేని, సగటున 67 ఏళ్ళ వయస్సున్న కొందరిని పది రోజులపాటు మంచం మీద ఉంచితే, వారి రెండు కాళ్ళలో కలిపి ఇంచుమించు ఒక కిలో కండ తరిగిపోయింది. దెబ్బ లేదు, ఆపరేషన్ లేదు, ఊరికే పడుకున్నందుకే అంత నష్టం. మీరు కుడి కాలు నేలకు ఆనించకుండా గడిపిన పదకొండు వారాలను ఆ లెక్కన ఊహించుకోండి. యువకుడికి కూడా కండ తరుగుతుంది, కాని అతనికి నిలవ ఎక్కువ, తిరిగి కూడబెట్టుకోవడం తొందరగా జరుగుతుంది. ఎక్స్‌రేలో ఎముక మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి “అతికింది” అన్న మాట విని “కోలుకున్నాను” అని అర్థం చేసుకోవడం వల్లనే మీకు ఈ నిరాశ కలిగింది. మీ వయస్సులో కోలుకోవడం నిజంగా మొదలయ్యేది బరువు మోపమని చెప్పిన రోజున. ఆ లెక్కన మీరు ఇప్పుడు రెండో వారంలో ఉన్నారు, నాలుగో నెలలో కాదు.

దీన్ని మీ కళ్ళతో మీరే చూడవచ్చు. కాళ్ళు చాపి కూర్చుని, మోకాలి చిప్ప పై అంచు నుంచి పదిహేను సెంటీమీటర్లు పైకి కొలిచి రెండు తొడల మీదా పెన్నుతో గీత పెట్టండి. అక్కడ టేపుతో చుట్టుకొలత తీయండి. కుడి తొడ రెండు మూడు సెంటీమీటర్లు తక్కువగా ఉంటే ఆశ్చర్యపోకండి. ఆ తక్కువైన కండే మెట్లు దిగేటప్పుడు మీకు కావలసినది. మెట్లు ఎక్కేటప్పుడు కమ్మీ పట్టుకుని, మంచి కాలితో ఒంటిని పైకి లాక్కోవచ్చు. దిగేటప్పుడు మాత్రం పై మెట్టు మీదున్న కాలు ఒంటి బరువునంతా మోస్తూ నెమ్మదిగా వంగాలి, తొడ ముందు భాగపు కండరం సాగుతూనే బరువును పట్టి ఉంచాలి. దెబ్బ తగిలిన తర్వాత అన్నింటికన్నా ఆలస్యంగా తిరిగివచ్చే శక్తి అది. అందాకా ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బకాలు ముందు అన్న నియమం పాటించండి, కమ్మీ వదలకండి.

వ్యాయామం విషయంలో మీ ఫిజియోథెరపిస్టు చెప్పినదే ప్రమాణం. నేను చెప్పేది ఎంత చేయాలన్నదాని గురించి. మన పెద్దవారిలో ఎక్కువమంది పడుకుని కాలు పైకెత్తడం, మోకాలు వంచడం వంటివి నెలల తరబడి చేస్తూ అక్కడే ఆగిపోతారు. కండ పెరగాలంటే దాని మీద బరువు పెరగాలి. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, తర్వాత నాలుగంగుళాల ఎత్తున్న పీట మీదికి కుడి కాలితో ఎక్కి నెమ్మదిగా దిగడం, ఆపైన ఎత్తు పెంచడం, ఇలా వారానికి కొంత ముందుకు సాగాలి. చేసిన రోజు సాయంత్రం కొంత నొప్పి ఉన్నా ఫరవాలేదు. మర్నాడు పొద్దుటికి కూడా మోకాలు వాచి ఉంటే మాత్రం అది ఎక్కువైందని గుర్తు, ఒక మెట్టు వెనక్కి తగ్గండి. మీకు విరిగినది కీలు ఉపరితలం కాబట్టి, గొంతుకు కూర్చోవడం, కాలు నేల మీద ఉంచి ఒళ్ళు మెలితిప్పడం, గెంతడం మీ సర్జన్ ఒప్పుకునేదాకా వద్దు. పిక్కలో కొత్తగా నొప్పి, వాపు, వేడి కనిపించినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఫిజియోథెరపీ రోజు కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి, సిరలో గడ్డ కట్టి ఉండవచ్చు.

భుజం గురించి ఒక చిన్న పరీక్ష చెబుతాను. వెల్లకిలా పడుకుని, కుడి చేతిని పూర్తిగా వదులు చేసి, ఎడమ చేత్తో దాన్ని పట్టుకుని తల పైకి తీసుకెళ్ళండి. అలా కూడా ఒక చోట ఆగిపోయి ఇక కదలకపోతే కీలు బిగుసుకుందని అర్థం. చేతిని వారాల తరబడి గుడ్డ ఉయ్యాలలో వేలాడదీసినందువల్ల ఇది చాలామందికి వస్తుంది, ఓపికగా సాగదీస్తే నెలల మీద వదులవుతుంది. అలా కాక, ఎడమ చెయ్యి సాయం చేసినప్పుడు పూర్తిగా లేచి, తనంతట తాను లేవలేకపోతే, కాలర్‌బోను మాటున మరొక గాయం దాగి ఉండవచ్చు. భుజాన్ని లేపే కండరాల స్నాయువు తెగడం అరవై దాటినవారిలో భుజం మీద పడినప్పుడు తరచుగా జరిగేదే, అది ఎక్స్‌రేలో కనిపించదు, విరిగిన ఎముక మీదే అందరి దృష్టీ ఉన్నందువల్ల పట్టుబడక మిగిలిపోతుంది. అల్ట్రాసౌండ్‌లోనో ఎంఆర్‌ఐలోనో కనిపిస్తుంది. దీన్ని ఆలస్యం చేయడం మంచిది కాదు, తెగిన కండరం కాలం గడిచేకొద్దీ కొవ్వుగా మారి, కుట్టినా పని చేయని స్థితికి వస్తుంది. తర్వాతి సారి డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు “చెయ్యి లేవడం లేదు” అని ఊరుకోకుండా, ఎలా లేస్తోందో, ఎలా లేవడం లేదో చేసి చూపించండి.

మందుల గురించి ఒక్క మాట. మీరు వాడుతున్న గుండె మాత్రలతో పాటు దుకాణంలో అడిగి కొనుక్కునే నొప్పి మాత్రలు వేసుకుంటే కడుపులో రక్తస్రావం, మూత్రపిండాలకు హాని జరిగే అవకాశం ఉంది. డాక్టరును అడగకుండా ఏదీ వేసుకోకండి. కండ పెరగడానికి మాంసకృత్తులు కావాలి. మూత్రపిండాల జబ్బు లేని పెద్దవారు దెబ్బ నుంచి కోలుకునేటప్పుడు ఒంటి బరువులో కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాముల వరకు రోజూ తీసుకోవాలని సాధారణంగా సూచిస్తారు. ఎముకల సాంద్రత పరీక్ష, విటమిన్ డి పరీక్ష ఇంతవరకు చేయించకపోతే ఇప్పుడు చేయించండి. మలుపులో జారి పడినందుకే ఇన్ని ఎముకలు విరిగాయంటే ఆ అనుమానం ఉండాలి. మగవారికి ఎముకలు గుల్లబారవన్నది అపోహ.

నిద్రలో వినిపించే చప్పుడు గురించి మీరు కాస్త సిగ్గుపడుతూ రాసినట్టు నాకు అనిపించింది. ప్రమాదం జరిగిన మొదటి కొన్ని వారాలు ఇలాంటివి రావడం మామూలే, నెల దాటినా తగ్గకుండా నిద్ర చెడగొడుతుంటే మాత్రం అది చికిత్స చేయవలసిన గాయమే. జరిగినదాన్ని ఒక నిపుణుడి సమక్షంలో క్రమంగా తలచుకుంటూ దాని పట్టు తగ్గించే మానసిక చికిత్సలు ఉన్నాయి, అవి బాగా పని చేస్తాయి. నిద్రమాత్రలతోనో మద్యంతోనో అణచాలని చూస్తే రాత్రి బాత్‌రూముకు లేచినప్పుడు తూలి మళ్ళీ పడతారు. ఆ శబ్దం తగ్గకుండా బండి ఎక్కడం కూడా మంచిది కాదు. భయపడ్డవాడు మలుపులో తెలియకుండానే బ్రేకు మీద వేలు బిగిస్తాడు, మీ ముందు చక్రం జారింది కూడా మలుపులోనే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. వయస్సు ఒక్కదాన్నే చూసి వద్దనడం నాకు ఇష్టం లేదు. అలాగే ముప్ఫై ఎనిమిదేళ్ళ అనుభవం చూసి సరేననడం కూడా కుదరదు, ఆ అనుభవం ఉన్నది వేరే ఒంటికి. మోటారు సైకిలులో కుడి చేతికి యాక్సిలరేటరు, ముందు బ్రేకు ఉంటాయి, చాలా బండ్లలో వెనుక బ్రేకు కుడి పాదానికి ఉంటుంది. మీకు దెబ్బ తగిలింది సరిగ్గా ఆ చెయ్యికీ ఆ కాలికీ. కారు నడిపేవారిని పరిశీలించినప్పుడు, కుడి కాలి పెద్ద ఎముకలూ కీళ్ళూ విరిగినవారు బరువు మోపడం మొదలుపెట్టిన తర్వాత బ్రేకు నొక్కే వేగం మామూలు స్థితికి రావడానికి సుమారు ఆరు వారాలు పట్టిందని తేలింది. కారు ఆగితే దానంతట అది నిలబడుతుంది, బండి నిలబడదు. బండి నిటారుగా ఉన్నంతసేపు బరువు చక్రాలది, కాస్త ఒరిగితే మీ కాలిది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు అర సెకను ఆలస్యంగా పడితే బండి ఎనిమిది మీటర్లకు పైగా ముందుకు పోతుందన్నది కూడా గుర్తుంచుకోండి.

అందువల్ల తేదీ అడగవద్దు, పరీక్ష పెట్టుకోండి. చేతులు ఛాతీకి కట్టుకుని, ముప్ఫై సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టించండి. మీ వయస్సు మగవారికి పన్నెండు కన్నా తగ్గితే కాళ్ళ బలం తక్కువగా ఉన్నట్టే. కుడి కాలు ఒక్కదాని మీద పది సెకన్లు నిలబడగలగాలి, కమ్మీ పట్టుకోకుండా ఒక అంతస్తు దిగగలగాలి. రెండు చేతులతో హెల్మెట్ ఎత్తి పెట్టుకుని పట్టీ బిగించుకోగలగాలి, రెండు భుజాల మీదుగా మెడ తిప్పి వెనక్కి చూడగలగాలి. ఇవి అయ్యాక బండిని సెంటర్ స్టాండు మీద ఉంచి, పక్కన ఒకరు పట్టుకుని ఉండగా, కూర్చుని కుడి పాదంతో వెనుక బ్రేకు, కుడి చేత్తో ముందు బ్రేకు కలిపి ఇరవైసార్లు గట్టిగా నొక్కండి. ఇరవయ్యోసారి కూడా మొదటిసారంత బలంగా, నొప్పి లేకుండా పడాలి. ఆపైన ఖాళీ మైదానంలో బండిని తోసి తిప్పడం, స్టాండు వేయడం, తీయడం, చివరికి నెమ్మదిగా నడపడం. కళ్ళ పరీక్ష కూడా ఇందులో భాగమే. ఇరవై ఏళ్ళవాడికి సరిపోయే వెలుతురుకు ఇంచుమించు మూడు రెట్లు అరవై ఏళ్ళవాడికి కావాలి, శుక్లం మొదలైతే ఎదురుగా వచ్చే లైట్లు మరింత ఇబ్బంది పెడతాయి. రాత్రి ప్రయాణం అన్నింటికన్నా చివర, లేదా అసలు వద్దు. మీ మెదడు స్కాన్ శుభ్రంగా ఉండి, అన్నీ సవ్యంగా సాగితే కూడా ప్రమాదం జరిగిన ఆరు నెలలలోపు మీరు రోడ్డు మీదికి రావడం నాకు సమ్మతం కాదు.

కాలు అంతవరకు రాకపోతే, రెండు బ్రేకులూ చేతిలోనే ఉండే, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనే ఎత్తులో సీటు ఉన్న గేర్లు లేని స్కూటరు గురించి ఆలోచించవచ్చు. దాని చిన్న చక్రాలు గుంతల్లో, ఇసుకలో మోటారు సైకిలు కన్నా తొందరగా తడబడతాయన్నది కూడా తెలిసి ఎంచుకోండి. ఏ బండి అయినా మలుపుకు ముందే, నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకోవాలి. చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండి మేలే, కానీ వాలి ఉన్న చక్రాన్ని ఇసుక మీద నిలబెట్టడం దాని వల్ల కూడా కాదు.

మీ ఇంట్లోవాళ్ళు తాళాలు దాచినందుకు కోపం తెచ్చుకోకండి. ఆస్పత్రి వరండాలో గడిపిన రాత్రులు వారివి. తాళాలు ఇమ్మని అడగడానికి బదులు, పైన చెప్పిన పరీక్షలను మీ ఫిజియోథెరపిస్టు ఎదుట చేస్తాననీ, ఒక్కటి తప్పినా ఆ నెల బండి మాట ఎత్తననీ మీ ఆవిడతో చెప్పండి. కుర్చీ లెక్క ఆవిడనే పెట్టమనండి. ఎడమ చెప్పు జారుతున్న సంగతి మీకన్నా ముందు గమనించింది ఆవిడే.

చివరగా, ఆ రోజు మీ తల మీదున్న హెల్మెట్. హెల్మెట్ వల్ల తలకు గాయమయ్యే అవకాశం దాదాపు 69 శాతం, మరణించే అవకాశం 42 శాతం తగ్గుతాయని అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది. మీ విషయంలో అది తన పని చేసింది, అంటే లోపలి నురుగు పొర నలిగిపోయి ఉంటుంది. పైకి గీత కూడా పడకపోయినా అది ఇంకొక దెబ్బను కాయలేదు. ఎవరికీ ఇవ్వకండి, పట్టీ కత్తిరించి పారేయండి.